నాపరాయి, గుల్లసున్నం, సాగరపంకం: పల్నాటి సున్నపురాయి పుట్టుకపై ప్రచారంలో ఉన్న వివరణ - ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

సముద్రజీవుల గుల్లలు అడుగున పేరుకొని, కాలక్రమంలో గట్టిపడి సున్నపురాయిగా మారుతాయన్న వివరణ తెలుగు పాఠ్యరచనల్లోనూ జనరంజక విజ్ఞాన రచనల్లోనూ స్థిరపడిపోయింది. ప్లవకాల అవశేషాలతో ఏర్పడే అగాధసముద్రపు బురద ఈ వివరణకు ప్రధాన ఆధారం. దీనిని పల్నాటి నాపరాతికి అన్వయించడం ఎంతవరకు సమంజసమో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రాతి వయసు, దాని ఉనికి, నిర్మాణం ఆ అన్వయాన్ని సమర్థించవని నిరూపిస్తుంది. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులను, తెలుగులోని సున్నపు పదజాలాన్ని ఈ కోణంలో పునఃపరిశీలిస్తుంది.

కీలకపదాలు: పల్నాడు, నాపరాయి, నార్జి సున్నపురాయి, ప్లవకాలు, ఊజ్, చాటువులు, విజ్ఞాన రచన.

1. ఉపోద్ఘాతం:

పల్నాడు రాతిసీమ. మాచర్ల, గురజాల, దాచేపల్లి, పిడుగురాళ్ళ ప్రాంతాల్లో ఇంటి అరుగు, పెరటి గోడ, పొలం గట్టు, గుడి ప్రాకారం అన్నీ నాపబండతో కట్టినవే. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు ప్రసిద్ధి. మాచర్ల పరిసరాలు సిమెంటు పరిశ్రమకు ఆలవాలం. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడిన తరువాత ఈ ప్రాంతపు చరిత్ర, సాహిత్యం, ప్రకృతి వనరులను ఒకచోట చేర్చి చదవవలసిన అవసరం పెరిగింది.

ఇంతగా జీవితంలో కలిసిపోయిన ఈ రాయి ఎలా పుట్టింది? ఈ ప్రశ్నకు సాధారణంగా లభించే సమాధానం ఒక్కటే: ఒకప్పుడు ఇక్కడ సముద్రం ఉండేది, అందులోని జీవుల గుల్లలు అడుగున చేరి రాయి అయ్యాయి. ఇందులో మొదటి సగం నిజం. రెండవ సగం వేరొక రాతికి, వేరొక కాలానికి చెందిన నిజం. ఈ రెండు సగాలను విడదీసి చూడకపోవడం విజ్ఞానశాస్త్ర బోధనకూ, ప్రాంతీయ సాహిత్య విమర్శకూ ఇబ్బంది కలిగిస్తున్నది.

2. సాగరగర్భంలోని ఊజ్ - స్వరూపం:

సముద్రపు పైపొరల్లో తేలుతూ బతికే సూక్ష్మజీవజాలాన్ని ప్లవకాలు అంటారు. వీటిలో ఫొరామినిఫెరాలు, కోకోలిథోఫోర్లు కాల్షియం కార్బొనేట్‌తో కవచాలు నిర్మించుకుంటాయి. డయాటమ్‌లు, రేడియోలేరియాలు సిలికాతో నిర్మించుకుంటాయి. ఇవి చనిపోయిన తరువాత కవచాలు అడుగుకు దిగుతాయి. నదులు మోసుకువచ్చే బురద చేరని దూరప్రాంతాల్లో ఇవే మెత్తని పొరగా పేరుకుంటాయి. ఈ అవక్షేపంలో జీవుల అవశేషాలు కనీసం 30 శాతం ఉంటే దానిని ఊజ్ అని వ్యవహరిస్తారు. వెయ్యేళ్ళకు ఒకటి నుండి కొన్ని సెంటీమీటర్ల మందం మాత్రమే పెరిగే నిక్షేపమిది.

ఊజ్ అంతటా ఒకేలా ఉండదు. లోతు పెరిగేకొద్దీ చలి, ఒత్తిడి, నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ పెరిగి సున్నపు కవచాలు కరగడం మొదలవుతుంది. చాలాచోట్ల 4 నుండి 5 కిలోమీటర్ల లోతు దాటితే సున్నపు ఊజ్ నిలవదు. అక్కడ సిలికా ఊజ్ గాని, ఎర్రటి బంకమన్ను గాని ఉంటుంది. 1872 నుండి 1876 వరకు సాగిన ఛాలెంజర్ నౌకాయాత్ర సేకరించిన నమూనాల ఆధారంగా జాన్ మరే, రెనార్ 1891లో వెలువరించిన నివేదిక ఈ వర్గీకరణకు పునాది వేసింది.

తెలుగు తీరానికి ఎదురుగా ఉన్న బంగాళాఖాతం ఈ విషయంలో మంచి ఉదాహరణ. గంగా బ్రహ్మపుత్రలు, కృష్ణా గోదావరులు తెచ్చే మట్టి అపారం కావడంతో ఇక్కడి అడుగున ప్లవకాల అవశేషాలు ఉన్నా అవి ఆ మట్టిలో పలచబడిపోతాయి. తూర్పున నీటి అడుగు నుండి ఎత్తుగా లేచిన నైంటీ ఈస్ట్ శిఖరశ్రేణి మీదకు ఆ మట్టి అంతగా ఎక్కదు. అందువల్ల అక్కడ సున్నపు ఊజ్ స్వచ్ఛంగా పేరుకున్నది. 1972లో గ్లోమార్ ఛాలెంజర్ నౌక అక్కడ తవ్వకాలు జరిపి దానిని వెలికితీసింది. ఊజ్ ఏర్పడడానికి జీవులు ఉండడం ఒక్కటే చాలదు. లోతు, దూరం, మట్టి రాకపోవడం కూడా కావాలి. జనరంజక వివరణలో మొదట జారిపోయేది ఈ షరతులే.

3. వివరణ వచ్చిన దారి:

గుల్లల వివరణ ఆధారం లేని కల్పన కాదు. 1868లో ఇంగ్లండులోని నార్విచ్ పట్టణంలో థామస్ హక్స్‌లీ శ్రామికులను ఉద్దేశించి ఒక సుద్దముక్క గురించి చేసిన ఉపన్యాసం దీనికి ప్రపంచవ్యాప్త ప్రచారం తెచ్చింది. తంతితీగలు పరిచే నిమిత్తం అట్లాంటిక్ అడుగు నుండి పైకి తీసిన బురదను, ఇంగ్లండు నేలలోని తెల్లని సుద్దను సూక్ష్మదర్శినిలో పోల్చి, రెండింటిలోనూ గ్లోబిజెరినా కవచాలే ఉన్నాయని ఆయన వివరించాడు. యూరపు సుద్దరాయి క్రిటేషియస్ యుగానిది. అది నిజంగానే ప్లవకాల అవశేషాల రాశి. అందులో ఎక్కువ భాగం కోకోలిథ్ పలకలేనని తరువాతి పరిశోధన స్పష్టం చేసింది.

హక్స్‌లీ రచన బలం దాని నిర్ధారణలో కంటే దాని క్రమంలో ఎక్కువగా ఉంది. ముందు చేతిలోని ముక్క, తరువాత సూక్ష్మదర్శిని, ఆపైన సముద్రపు బురద, చివరికి కాలం. పాఠకుడు సాక్ష్యం వెంట నడిచి నిర్ధారణకు చేరుకుంటాడు. పాఠ్యరచనల్లోకి వచ్చేసరికి ఆ క్రమం జారిపోయి నిర్ధారణ ఒక్కటే నిలిచింది. ఇంగ్లండు సుద్దకు చెప్పిన మాట సున్నపురాళ్ళన్నిటికీ సూత్రమైంది. తరగతి గదిలో సుద్దముక్క చూపించి ఈ పాఠం చెప్పడంలో మరొక చిక్కు కూడా ఉంది. నేడు బడుల్లో వాడే సుద్దముక్కలు చాలావరకు జిప్సంతో చేసినవి. అంటే అవి కాల్షియం సల్ఫేటే కాని కార్బొనేట్ కావు. చూపించే వస్తువుకు, చెప్పే విషయానికి సంబంధం తెగినా పాఠం మాత్రం సాగిపోతున్నది.

4. పల్నాటి రాయి ఇచ్చే సాక్ష్యం:

పల్నాటి సున్నపురాయి కడప హరివాణపు ఈశాన్య భాగానికి చెందినది. విలియం కింగ్ 1872లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ప్రచురణగా వెలువరించిన బృహద్రచన కడప, కర్నూలు శిలాసముదాయాలను క్రమబద్ధంగా వివరించింది. కర్నూలు సముదాయంలో అడుగున బనగానపల్లె ఇసుకరాయి, దానిపై నార్జి సున్నపురాయి, ఆపైన అవుకు షేల్, పాణ్యం ఇసుకరాయి, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్ వరుసగా ఉంటాయి. కడప జిల్లాలోని నార్జి గ్రామం పేర ప్రసిద్ధమైన ఆ సున్నపురాయే పల్నాటిలో విస్తారంగా పరచుకున్నది. ఇది ప్లవకాల ఊజ్ నుండి పుట్టినది కాదనడానికి మూడు కారణాలున్నాయి.

మొదటిది కాలం. ఈ రాళ్ళ కచ్చితమైన వయసు గురించి శాస్త్రజ్ఞుల్లో చర్చ ఉన్నా, నార్జి సున్నపురాయి కేంబ్రియన్ యుగానికి ముందరిదన్న విషయంలో అంగీకారం ఉంది. అంటే అది 54 కోట్ల సంవత్సరాలకు పైబడినది. సున్నపు కవచం గల కోకోలిథోఫోర్లు సుమారు 22 కోట్ల సంవత్సరాల క్రితం ట్రయాసిక్ చివర్లో కనిపిస్తాయి. తేలియాడే ఫొరామినిఫెరాలు ఆ తరువాతి జురాసిక్ కాలానివి. పల్నాటి రాయి ఏర్పడిన నాటికి ఈ కవచధారులు పుట్టనే లేదు. గుల్లలున్న జంతువులు సముద్రాల్లో విరివి కావడం కూడా కేంబ్రియన్ నుండే.

రెండవది స్థానం. నేటి మహాసముద్రాల అడుగు ఎక్కడా 20 కోట్ల సంవత్సరాలను అంతగా మించదు. పాతది భూగర్భంలోకి జారిపోతూ ఉంటుంది. పల్నాటి రాయి ఉన్నది ఖండపు పునాది మీద. దాని అడుగున ఉన్న బనగానపల్లె ఇసుకరాయి, గులకరాళ్ళ పొర తీరానికి దగ్గరగా ఏర్పడినవి. ఖండం అంచు మీదికి వ్యాపించిన లోతులేని సముద్రంలో ఈ సున్నపురాయి పేరుకున్నదని ఈ క్రమం తెలుపుతుంది.

మూడవది రాతి నిర్మాణం. నాపరాయి అతి సూక్ష్మమైన కాల్సైట్ రేణువుల పొరలతో కూడినది. పలకలుగా చీలడానికి, నునుపుదేరడానికి కారణం ఇదే. గుల్లల ముక్కలు కనిపించకపోవడం ఒక్కటే తుది ఆధారమని అనరాదు. కాలక్రమంలో స్ఫటికాలు మారి గుల్లల రూపం చెరిగిపోయే అవకాశం ఏ సున్నపురాతికైనా ఉంటుంది. నిర్ణయాత్మకమైనది కాలమే. మిగిలిన రెండూ దానిని బలపరుస్తాయి.

అయితే ఆ సున్నం ఎక్కడిది? ఆనాటి సముద్రజలాల్లో కాల్షియం కార్బొనేట్ నేటికంటే ఎక్కువగా ఉండేదని, కవచాలు నిర్మించుకొని దానిని తీసుకునే జీవులు లేకపోవడంతో అది నేరుగా నీటి నుండే అవక్షేపంగా దిగేదని సాధారణ అవగాహన. ఇందులో జీవుల పాత్ర లేదనడం కూడా తొందరపాటే. కిరణజన్యసంయోగక్రియ జరిపే సయనోబాక్టీరియా నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకోవడంతో సున్నం దిగడం సులభమవుతుంది. కడప హరివాణంలోని వేంపల్లె పొరల్లో ఉన్న స్ట్రొమటోలైట్‌లు సూక్ష్మజీవుల పొరలకు, సున్నానికి గల ఈ పురాతన సంబంధానికి నిదర్శనం. నీటిలో తేలే సయనోబాక్టీరియా కూడా ప్లవకాలే. కాబట్టి ప్లవకాల ప్రమేయాన్ని కొట్టివేయనక్కరలేదు. కొట్టివేయవలసింది గుల్లల అవశేషాలన్న మాటను. జీవి తన చుట్టూ ఉన్న నీటి స్వభావాన్ని మార్చడం వేరు, తన దేహాన్ని రాయిగా మిగల్చడం వేరు.

5. పదజాలంలోని వివేకం:

తెలుగు వ్యవహారం ఈ తేడాను ఒక మేరకు ముందే పట్టుకున్నది. ఆల్చిప్పలు, నత్తగుల్లలు కాల్చి తీసిన సున్నాన్ని గుల్లసున్నం అంటారు. రాయిని కాల్చి తీసినది రాతిసున్నం. రసాయనికంగా రెండూ ఒకటే అయినా, వాటి మూలాన్ని, గుణాన్ని, వాడుకను పనివారు వేరుచేసి చూశారు. తీరప్రాంతాల్లో గుల్లసున్నం, పల్నాటి వంటి సీమల్లో రాతిసున్నం వాడుకలోకి రావడం సహజం. ప్రచారంలో ఉన్న శాస్త్రవివరణ ఈ రెండింటినీ కలిపివేసి, రాతిసున్నమంతా పాతబడిన గుల్లసున్నమే అన్నట్లు చెబుతున్నది. ఇక్కడ శాస్త్రం పేర చెప్పిన మాట కంటే బట్టీ దగ్గరి మాటే సూక్ష్మంగా ఉంది. పదకోశ పరిశోధకులు వృత్తి పదాలను సేకరించేటప్పుడు ఇటువంటి జంటపదాల్లోని వర్గీకరణను కూడా నమోదు చేయవలసి ఉంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ పాలరాయి అన్న మాట. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలను పాలరాతి శిల్పాలుగా, ఇంగ్లీషులో పల్నాడు మార్బుల్‌గా పేర్కొనడం చాలాకాలంగా ఉన్నది. అవి మలచినది సున్నపురాతిలో. మార్బుల్ అంటే వేడికి, ఒత్తిడికి రూపాంతరం చెందిన రాయి. ఈ రాయి ఆ స్థితికి చేరలేదు. శిల్పుల ఉలికి ఆభరణపు అంచు, వస్త్రపు మడత అంత సన్నగా లొంగడానికి అందులోని సూక్ష్మరేణువులే తోడ్పడ్డాయి. పాలరాయి అన్న పేరు అందానికి ఇచ్చిన కితాబు. కళాచరిత్ర రచనలో మాత్రం అది రాతి స్వభావాన్ని మరుగుపరుస్తుంది. లండన్, చెన్నై మ్యూజియంలలోని అమరావతి ఫలకాల గురించి రాసేవారు సున్నపురాయి అన్న మాటనే వాడడం సముచితం.

6. చాటువుల్లో నాపరాయి:

శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువుల్లో పల్నాటి మీద చెప్పినవి ప్రసిద్ధాలు. వీటి కర్తృత్వం మౌఖిక సంప్రదాయం మీద ఆధారపడినది. వేటూరి ప్రభాకరశాస్త్రి చాటుపద్యమణిమంజరి వంటి సంకలనాల వల్ల చాటువులు గ్రంథస్థమై నిలిచాయి. ఆ పల్నాటి చాటువుల్లో ఒకటి ఆ సీమ పల్లెల గుర్తులను జాబితాగా పేర్చుతుంది. నాపరాయి, నాగులేరు, మెట్టపంటల కూడు ఆ జాబితాలో ఉన్నాయి. నీటి కరవు మీద, జొన్నకూటి మీద వేరే చాటువులు ఉన్నాయి. రాజాస్థానాల భోగం మరిగిన కవి బీదసీమను చూసి చేసిన ఎగతాళిగా వీటిని చదవడం పరిపాటి.

ఆ పఠనం తప్పు కాదు, అసంపూర్ణం. జాబితా పద్యం కారణాలు చెప్పదు, చూసినవాటిని పక్కపక్కన నిలబెడుతుంది. ఆ వస్తువుల మధ్య సంబంధం మాత్రం ఉంది. సున్నపురాయి పగుళ్ళ వెంట కరిగి, కురిసిన నీటిని లోపలికి పీల్చుకుంటుంది. ఉపరితలం మీద నీరు నిలవడం తక్కువ. పిడుగురాళ్ళ సమీపంలోని గుత్తికొండ బిలం నీరు రాతిని తొలిచిన తీరుకు ప్రత్యక్ష సాక్ష్యం. పైన దాహం, లోపల మడుగులు ఉండడం సున్నపురాతి నేలల లక్షణం. నీరు నిలవని నేలలో జొన్న, సజ్జ ప్రధానాహారం కావడంలో ఆశ్చర్యం లేదు. నాపరాయి, నీటి కొరత, మెట్టపంట అన్న మూడు అంశాలు కవి హేళనలో విడివిడిగా కనిపించినా, నేలలో ఒకే కారణపు గొలుసుగా ఉన్నాయి. 1967లో ప్రారంభమైన నాగార్జునసాగర్ కుడికాలువ ఈ గొలుసులో ఒక లంకెను తెంచిందనే చెప్పాలి. అప్పటి నుండి ఆ చాటువులు వర్తమాన వర్ణనలుగా కాక చారిత్రక సాక్ష్యాలుగా మారాయి.

ఈ పఠనానికి ఒక హద్దు అవసరం. చాటుకవికి భూవిజ్ఞానం తెలుసునని దీని అర్థం కాదు. ఆయన చేసింది పరిశీలన మాత్రమే. కారణాన్ని ఊహించి చెప్పకపోవడం వల్లనే ఆ పరిశీలన ఈనాటికీ చెల్లుతున్నది.

7. పోలికలోని ప్రలోభం:

పల్నాటి వీరచరిత్ర చదివిన విమర్శకునికి గుల్లల వివరణ ఎంతో ఆకర్షణీయంగా తోస్తుంది. కారెంపూడి రణరంగంలో ఒరిగిన వీరుల గుళ్ళు ఒకవైపు, సాగరంలో ఒరిగిన కోటానుకోట్ల ప్రాణుల కవచాలు మరొకవైపు. మృతులే నేలగా మారిన సీమ అన్న ఉపమ వెంటనే సిద్ధమవుతుంది. యుద్ధానంతరం బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడన్న ఐతిహ్యం దానికి మరింత బలం ఇస్తుంది. సున్నపు గుహలోకి వీరుడు ప్రవేశించడాన్ని పూర్వజీవుల సమాధిలోకి ప్రవేశించడంగా వ్యాఖ్యానించవచ్చు.

ఈ ఉపమ కవితలో అభ్యంతరకరం కాదు. కవి సత్యానికి భూవిజ్ఞానం కొలమానం కానక్కరలేదు. పరిశోధన వ్యాసంలో మాత్రం అదే ఉపమ వాదానికి ఆధారంగా నిలబడితే చిక్కు వస్తుంది. నేల స్వభావం సాహిత్యాన్ని తీర్చిందని వాదించేవారు నేల స్వభావాన్ని సరిగా తెలుసుకోవడం కనీస బాధ్యత. పల్నాటి రాతిలో కవచధారుల శవాల గుట్టలు లేవు. గుల్లలున్న ప్రాణులు సముద్రాలను నింపడానికి ముందు కాలపు నీటిలోని సున్నం ఉంది. ఆ నేలకు అన్వయించదగిన ఉపమను వెతకాలంటే మృత్యువు వైపు కాక, గుల్లలు లేని ఆ తొలి సముద్రం వైపు చూడాలి. అంతర్విభాగ పరిశోధన పేర శాస్త్రపదాలను అలంకారాలుగా అరువు తెచ్చుకోవడం పెరుగుతున్న ఈ కాలంలో ఈ హెచ్చరిక సాహిత్య విద్యార్థులకు మరీ అవసరం.

8. నాగులేటి నుండి బంగాళాఖాతానికి:

పల్నాటి రాతికి, ప్లవకాల ఊజ్‌కు సంబంధమే లేదా? ఉంది. ప్రచారంలో ఉన్న వివరణకు అది తలకిందులుగా ఉంది. వాననీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని బలహీనమైన ఆమ్లంగా మారి సున్నపురాతిని కరిగిస్తుంది. కరిగిన కాల్షియం, బైకార్బొనేట్‌లు నాగులేరు, చంద్రవంక వంటి వాగుల ద్వారా కృష్ణలోకి, అక్కడి నుండి బంగాళాఖాతంలోకి చేరతాయి. సముద్రజలంలో కాల్షియం సగటున దాదాపు 10 లక్షల సంవత్సరాలు నిలుస్తుంది. ఆ వ్యవధిలో అది మహాసముద్రాలన్నిటా కలిసిపోతుంది. దానిలో కొంత ఏదో ఒక ఫొరామినిఫెరా కవచంగా మారి, ఎక్కడో ఒక శిఖరశ్రేణి మీద ఊజ్‌గా దిగుతుంది. ఊజ్ నుండి నాపరాయి పుట్టలేదు. నాపరాయి కరిగి ఊజ్‌లో చేరుతున్నది. చాటువు పక్కపక్కన పేర్కొన్న రాయి, ఏరు ఈ ప్రయాణానికి మొదటి మజిలీలు.

ఈ నెమ్మది దారికి తోడు ఒక వేగపు దారి ఏర్పడింది. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగిలి, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. బట్టీకి వాడే బొగ్గు నుండి వచ్చేది దీనికి అదనం. సున్నపు పూత ఆరేటప్పుడు గాలి నుండి కొంత తిరిగి తీసుకున్నా, మిగిలినదానిలో ఒక వంతు సముద్రంలో కరిగి నీటి క్షారత్వాన్ని తగ్గిస్తుంది. సున్నపు కవచం నిర్మించుకోవడం ప్లవకాలకు అంతమేర కష్టమవుతుంది. ఈ భారం పల్నాటి బట్టీలది మాత్రమే కాదు. ప్రపంచవ్యాప్తంగా సున్నం, సిమెంటు పరిశ్రమలన్నీ, అంతకుమించి ఇంధనాల వాడకం దీనికి కారణం. వేలమందికి కూడు పెడుతున్న పరిశ్రమ గురించి తరగతి గదిలో మాట్లాడేటప్పుడు ఈ రెండు దారులనూ చెప్పడం న్యాయం. గుల్లలు రాయి అయ్యాయన్న ముగిసిపోయిన కథలో ఈ వర్తమానానికి చోటు లేదు.

9. ముగింపు:

సున్నపురాళ్ళన్నీ ఒకే విధంగా పుట్టలేదు. యూరపు సుద్ద, నైంటీ ఈస్ట్ శిఖరశ్రేణి మీది ఊజ్ ప్లవకాల అవశేషాలు. పల్నాటి నాపరాయి అంతకు ఎన్నో కోట్ల సంవత్సరాల ముందు, ఖండపు అంచున లోతులేని సముద్రంలో నీటి నుండి దిగిన సున్నం. తాండూరు, షాబాదు బండలు కూడా ప్రాచీన శిలాసముదాయానికి చెందినవే కాబట్టి ఈ జాగ్రత్త తెలంగాణ, కర్ణాటక ప్రాంతాల రాళ్ళ గురించి రాసేటప్పుడూ వర్తిస్తుంది.

పాఠ్యరచనలో చేయవలసిన సవరణ పెద్దది కాదు. అన్ని సున్నపురాళ్ళూ అన్నచోట కొన్ని సున్నపురాళ్ళు అని రాసి, స్థానికంగా దొరికే రాయి ఏ కోవకు చెందుతుందో ఒక వాక్యంలో చెబితే చాలు. గురజాల కళాశాల విద్యార్థి తన ఇంటి అరుగు బండలో గుల్లల కోసం వెతికి, కనిపించక, తన చూపునే అనుమానించుకునే స్థితి అప్పుడు తప్పుతుంది. సాహిత్య పరిశోధకుల వైపు నుండి చేయవలసింది మరొకటి ఉంది. చాటువుల్లోని, వృత్తిపదాల్లోని, ఊళ్ళ పేర్లలోని రాతి ప్రస్తావనలను సేకరించి, భూవిజ్ఞాన పటాలతో సరిపోల్చి చూడాలి. పిడుగురాళ్ళ అన్న ఊరి పేరులోనే రాయి ఉంది. అటువంటి సేకరణ జరిగినప్పుడు పల్నాటి నేలకు, పల్నాటి మాటకు గల సంబంధం అలంకారంగా కాక ఆధారంతో నిరూపితమవుతుంది.